అన్నయ్య పొలం, ఫెమా గొడవ: ఒప్పుకుని కట్టేయాలా, నోటీసు వచ్చినప్పుడు చూసుకోవాలా?

కీసర_కుర్రోడు
మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. గ్రీన్‌కార్డు ఉంది, పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. 2017లో షాద్‌నగర్ అవతల 2 ఎకరాల పొలం కొన్నాడు, 48 లక్షలకి. రిజిస్ట్రేషన్ అయింది, మ్యుటేషన్ అయింది, పాస్‌బుక్ వచ్చింది. రైతుబంధు కూడా ఠంచనుగా పడింది. ఇన్నేళ్లలో ఏ ఆఫీసులోనూ ఎవరూ "నీకు కొనే హక్కు లేదు బాబూ" అనలేదు.

ఇప్పుడు వాళ్ల అమ్మాయి కాలేజీలో చేరుతోంది, పొలం అమ్మేద్దాం అన్నాడు. జీపీఏ (ఆయన తరఫున పనులు చేసే అధికార పత్రం) నా పేరు మీద ఉంది కాబట్టి తిరుగుడంతా నాదే. అమ్మిన డబ్బు అమెరికా పంపాలంటే ఏమేం కావాలో కనుక్కుందామని బ్యాంకుకి వెళ్తే, మేడం సేల్ డీడ్‌లో రెండో పేజీ దగ్గరే ఆగిపోయింది. "ఖుష్కి భూమి అని ఉంది. ఇది వ్యవసాయ భూమి కదండీ, ఎన్నారై పేరు మీద ఎలా వచ్చింది?" అని కాగితాలు నా వైపు జరిపేసింది.

మా సీఏ ఏమో ఆర్బీఐకి కాంపౌండింగ్ దరఖాస్తు పెట్టుకో, తప్పు ఒప్పుకుని కట్టేస్తే కేసు మూసేస్తారు అంటున్నాడు. మా మేనమామ కోర్టు పక్షుల్లో పెరిగిన మనిషి, "అడగనోడికి రాసివ్వడం ఏంట్రా, ఈడీ నోటీసు వస్తే అప్పుడు చూద్దాం" అంటున్నాడు. అన్నయ్య అక్కడ టెన్షన్‌తో నిద్రపోవడం లేదు. అసలు ఇది బేరం ఆడుకునే సెటిల్‌మెంటా, జరిమానానా? చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాకినాడ_కాజా
ఇండియా పాస్‌పోర్టు ఉన్నోడు ఇండియాలో పొలం కొనకూడదా? ఇదెక్కడి న్యాయం!

చట్టం_చుట్టం
ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) చూసేది పాస్‌పోర్టుని కాదు, నివాసాన్ని. ఉద్యోగానికని దేశం దాటిన రోజు నుంచే ఆ మనిషి ఫెమా లెక్కలో ఇక్కడి నివాసి కాదు. ఎన్నారై అయినా ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాడు) అయినా ఇల్లు కొనొచ్చు, ఫ్లాటు కొనొచ్చు, షాపు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. వెళ్లకముందు ఇక్కడ ఉండి కొన్నదైనా ఉంచుకోవచ్చు, సెక్షన్ 6(5). మీ అన్నయ్య వెళ్లాక కొన్నాడు, అదీ చిక్కు.

కాకినాడ_కాజా
మరి రిజిస్ట్రార్ ఎందుకు చేశాడు?

చట్టం_చుట్టం
స్టాంపు డ్యూటీ, లింకు డాక్యుమెంట్లు చూడటం ఆయన పని. కొనేవాడు ఏడాదిలో ఎన్ని రోజులు ఏ దేశంలో ఉన్నాడో ఆయన లెక్క కట్టడు. అప్పటి ధరణి భూరికార్డుల పోర్టల్లో ఎన్నారైలకు ప్రత్యేకంగా ఒక పేజీ కూడా పెట్టారు. దాన్ని చూసి చాలామంది కొనడానికి అనుమతి ఉంది కాబోలు అనుకున్నారు.

గోదారి_గట్టు
రైతుబంధు వెనక్కి కట్టాలా మరి?

డల్లాస్_దొర
@గోదారి_గట్టు ఆ టాపిక్ ఎత్తకు గురూ, సగం ఫోరం ఖాళీ అయిపోద్ది.

అమీర్‌పేట_ఆడిటర్
కీసర గారూ, ఇలాంటి ఫైళ్లు కొన్ని చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ముందు మీ ప్రశ్నకి జవాబు. ఇది బేరం కాదు. సెక్షన్ 15 కింద మీరే వెళ్లి "ఈ ఉల్లంఘన జరిగింది" అని ఒప్పుకుంటారు, వాళ్లు ఒక మొత్తం వేస్తారు, కట్టాక అదే విషయం మీద ఇక ఎవరూ చర్య మొదలుపెట్టడానికి లేదు. దరఖాస్తు అందిన 180 రోజుల్లో తేల్చాలి. ఆర్డర్ వచ్చాక కట్టడానికి 15 రోజులు. పదహారో రోజున కడతానంటే కుదరదు, అసలు దరఖాస్తే పెట్టనట్టు లెక్క. ఈ 15 రోజుల ముక్క ఎర్ర పెన్నుతో రాసుకోండి, ఎందుకంటే మీ అన్నయ్య డబ్బు అమెరికా నుంచి రావాలి.

మొత్తం ఎలా వేస్తారంటే ఆర్బీఐ వాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంది, అది అందరికీ కనపడేలా వాళ్ల వెబ్‌సైట్లోనే ఉంటుంది. రిపోర్టు ఆలస్యం లాంటి చిన్న తప్పులకి ఒక వరుస, మీలాంటి వాటికి ఇంకో వరుస. మీ వరుసలో స్థిరంగా 50 వేలు, దానిపైన ఉల్లంఘన మొత్తం మీద అర శాతం నుంచి ముప్పావు శాతం, ఎంతకాలం సాగిందనే దాన్నిబట్టి. అయిదేళ్లు దాటింది కాబట్టి మీకు 0.75 శాతం. 48 లక్షల మీద 36 వేలు. కలిపితే 86 వేలు. దరఖాస్తు రుసుము 10 వేలు, దాని మీద జీఎస్టీ. 2024 సెప్టెంబరులో కొత్త రూల్స్ వచ్చే వరకు ఈ రుసుము 5 వేలే ఉండేది.

పట్టిక అనేది మార్గదర్శకమే. ఆ అధికారి కేసుని బట్టి పెంచొచ్చు. కానీ మామూలు ఫైలుకి లెక్క దాని చుట్టుపక్కలే వస్తుంది.

కీసర_కుర్రోడు
86 వేలా!! మేం 48 లక్షలూ పోతాయేమో అనుకుంటున్నాం ఇక్కడ.

నల్లకోటు
పోవచ్చు కూడా. ఆడిటర్ గారు తీపి వైపు చెప్పారు. సెక్షన్ 13 చదవండి. ఈడీ దాకా వెళ్తే జరిమానా మొత్తానికి మూడింతల వరకు, అంటే మీ లెక్కలో 1 కోటి 44 లక్షల వరకు. అదీ కాక ఆస్తినే జప్తు చేయొచ్చు. అంతా వేస్తారని కాదు, వేసే అధికారం ఉందని.

అయినా మీ మేనమామ మాటలో పస లేకపోలేదు. కాంపౌండింగ్ అంటే రాతపూర్వకంగా ఒప్పుకోలు. ఆ ఆర్డర్ మీద అప్పీలు లేదు, తగ్గించమని అడగడానికీ లేదు. అదే ఈడీ దారిలో అయితే షోకాజ్ ఇవ్వాలి, మన మాట వినాలి, తర్వాత స్పెషల్ డైరెక్టర్, ట్రిబ్యునల్, హైకోర్టు. గట్టి వాదన ఉన్నవాడు పోరాడాలి.

అమీర్‌పేట_ఆడిటర్
@నల్లకోటు గారూ, గట్టి వాదన ఉంటే కదా. డీడ్‌లో ఖుష్కి అని ఉంది, చిరునామాలో న్యూజెర్సీ ఉంది. ఏం వాదిస్తారు?

నల్లకోటు
నేను జనరల్‌గా చెప్పా.

గోదారి_గట్టు
లాయర్లు జనరల్‌గా చెప్తే ఉచితం, పర్టిక్యులర్‌గా చెప్తే ఫీజు 😄

చట్టం_చుట్టం
"నోటీసు వచ్చినప్పుడు చూద్దాం" అనే మాటకి ఒక్క సంగతి. ఇన్నేళ్లు గడిస్తే ఇక అడగకూడదు అనే గడువు ఫెమాలో రాసి లేదు. పైగా ఇప్పుడు బ్యాంకు వాళ్ల కంట పడింది. ఊరుకుంటే అమ్మిన డబ్బు ఇక్కడే కూర్చుంటుంది.

సికింద్రాబాద్_సీత
డీడ్‌లో ఎంత చూపించారు? 48 లక్షలూనా? లేక 18 తెల్లది, మిగతాది...

కీసర_కుర్రోడు
48 లక్షలూ ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన వేసుకునే ఎన్నారై ఖాతా) నుంచి చెక్కు. అన్నయ్య ఆ విషయంలో మొండి.

డల్లాస్_దొర
పొలానికి పూర్తి మొత్తం చెక్కు ఇచ్చాడా? ఆ మహానుభావుడిని సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టాలి.

అమీర్‌పేట_ఆడిటర్
నవ్వుకోండి గానీ, ఆ మొండితనమే ఇప్పుడు ఆయన్ని కాపాడుతుంది. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో చూపించలేని ఫైలు కాంపౌండింగ్‌లో చాలా ఇబ్బంది పెడుతుంది. హవాలా వాసన వస్తే అది ఆర్బీఐ పరిధే కాదు, సెక్షన్ 3(ఎ) ఈడీ చూసుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి మిగిలిపోయింది. ముందు ఉల్లంఘనను సరిదిద్దాలి, తర్వాతే దరఖాస్తు. పొలం ఇంకా అన్నయ్య పేరు మీదే ఉంచుకుని "క్షమించండి, 86 వేలు తీసుకోండి" అంటే వెనక్కి పంపేస్తారు. ఇక్కడ నివాసం ఉన్న భారతీయుడికి అమ్మాలి. ఇంకో ఎన్నారై స్నేహితుడికి అమ్మితే ఇంకో ఫైలు తయారవుతుంది. ఆ సేల్ డీడ్ జతచేసి దరఖాస్తు పెట్టాలి.

డల్లాస్_దొర
ఇక్కడ మాకు ప్రతి శనివారం వాట్సాప్‌లో ఒక వెబినార్ వస్తుంది. 5 గుంటలు, 605 గజాలు, శ్రీగంధం మొక్కలు, డ్రిప్పు, కంచె, వీకెండ్‌కి గెస్ట్‌హౌస్. 12 ఏళ్లకి చెట్లు కోట్లు అవుతాయట. పోయినేడాది ఒకాయనని అడిగా, ఎన్నారైలు కొనొచ్చా అని. "సార్, మన వెంచర్లో సగం మంది మీవాళ్లే" అన్నాడు. నేను అడిగిందానికి అది జవాబు కాదని నాకు అప్పుడే అర్థం కావాలి. నేను కొనలేదు. మా కొలీగ్స్ ముగ్గురు కొన్నారు.

చట్టం_చుట్టం
గుంటల్లో అమ్మేదంతా కాగితం మీద వ్యవసాయ భూమే. కొనేముందే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయి, ఇళ్ల స్థలంగా మారి ఉంటే వేరే సంగతి. గజాల్లో లెక్క చెప్పినంత మాత్రాన ప్లాటు కాదు.

పచ్చళ్ల_పద్మ
మీ లక్షల గొడవలో నా వేలు కూడా వినండి. మాది ఇంటి పచ్చళ్ల వ్యాపారం. కరోనా టైంలో మొదలుపెట్టా. ఆవకాయ డబ్బా మీద బరువు ఉంది, ధర ఉంది. ప్యాక్ చేసిన నెల లేదు, ఫిర్యాదుకి ఫోన్ నంబరు లేదు. తూనికలు కొలతల వాళ్లు వచ్చి 6 డబ్బాలు పట్టుకెళ్లారు. తర్వాత రమ్మన్నారు. కాంపౌండ్ చేసుకుంటారా, కోర్టుకి వెళ్తారా అని అడిగారు. చట్టంలో మొదటిసారికి 25 వేల వరకు జరిమానా అని చెప్పారు. కాంపౌండ్ అన్నా. కట్టి రసీదు తీసుకున్నా. 

నాకెవరూ పట్టిక చూపించలేదు. ఇంత అన్నారు, కట్టా. అందుకే అడుగుతున్నా, రాజీ అనేది ఇద్దరి మధ్య జరగాలి కదా? కౌంటర్‌కి అవతలివైపు ఉన్నాయనే అంతా నిర్ణయిస్తే దాన్ని రాజీ అని ఎందుకంటారు?

చట్టం_చుట్టం
@పచ్చళ్ల_పద్మ గారూ, ఆ రసీదు జాగ్రత్త. లీగల్ మెట్రాలజీ చట్టం 2009 సెక్షన్ 48 ప్రకారం కాంపౌండ్ చేసుకున్న రోజు నుంచి 3 ఏళ్ల లోపల అలాంటి తప్పే మళ్లీ జరిగితే కాంపౌండింగ్ ఉండదు, నేరుగా కోర్టే.

పచ్చళ్ల_పద్మ
తెలుసండీ. ఇప్పుడు డబ్బాకి లేబుల్ మా అబ్బాయి చూస్తేనే మూత పెడుతున్నా. గోంగూర మీద కూడా కస్టమర్ కేర్ నంబరు ఉంది. అది నా నంబరే. రాత్రి పదింటికి ఫోన్ చేసి ఉప్పు ఎక్కువైందంటారు.

ఎఫ్‌అండ్‌ఓ_బాధితుడు
పద్మ గారికి వచ్చిన సందేహమే నాకూ వచ్చింది. సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ)లో సెటిల్‌మెంట్ చేసుకున్నవాణ్ణి నేను. 2014, 15 ప్రాంతంలో బీఎస్ఈలో ఎవరూ కొనని స్టాక్ ఆప్షన్లలో అటు కొని ఇటు అమ్మిన ట్రేడ్లు గుర్తున్నాయా? సెబీ లెక్కలో 14,720 మంది. అందులో నేనో చిన్న చేపని. మా బ్రోకర్ ఆఫీసులో ఒకడు "ట్యాక్స్‌కి పనికొస్తుంది" అన్నాడు, నేను తలూపా.

ఏళ్ల తర్వాత షోకాజ్ వచ్చింది. మోసపూరిత ట్రేడింగ్ అని 15హెచ్ఏ సెక్షన్ వేశారు, దానికి కనీస జరిమానాయే 5 లక్షలు. 2022లో సెబీ అందరికీ కలిపి ఒక స్కీము తెచ్చింది. కాంట్రాక్టుల సంఖ్యను బట్టి స్లాబు. ఆన్‌లైన్లో కట్టా, అయిపోయింది. నాతో ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఎవరితోనూ మాట్లాడలేదు. చిన్నవాళ్లకి స్లాబు, పెద్దవాళ్లకి చర్చలు. 2024 అక్టోబరులో ఎన్‌ఎస్‌ఈ ట్రేడింగ్ యాక్సెస్ పాయింట్ (బ్రోకర్లు ఎక్స్ఛేంజీకి కలిసే సాఫ్ట్‌వేర్) కేసుని 643 కోట్లు కట్టి సెటిల్ చేసుకుంది. "తప్పు ఒప్పుకోవడం లేదు, కాదనడమూ లేదు" అనే మాటతో. మన కీసర అన్నయ్య మాత్రం ఒప్పుకుని తీరాలి.

నల్లకోటు
ఇది మంచి పాయింటు. ఫెమాలో ఒప్పుకోవాలి, సెబీలో అక్కర్లేదు. రెండూ సెటిల్‌మెంటే.

సెబీ 2007లో సర్క్యులర్‌తో మొదలుపెట్టింది, అప్పట్లో కన్సెంట్ ఆర్డర్ అనేవారు. అమెరికా ఎస్ఈసీని (అక్కడి సెబీ అనుకోండి) చూసి తెచ్చిన పద్ధతి. ఇప్పుడున్నవి 2018 రెగ్యులేషన్లు. షోకాజ్ అందిన 60 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు అధికారుల కమిటీతో కూర్చుని మాట్లాడతారు, సవరించిన మొత్తం రాసిస్తారు, తర్వాత రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన ఉండే సలహా కమిటీ చూస్తుంది. అంటే అక్కడ కొంత మాటామంతీ నిజంగానే ఉంటుంది. అయినా దానికీ ఫార్ములా ఉంది, గాల్లో లెక్క కాదు.

డల్లాస్_దొర
"ఒప్పుకోను, కాదనను" అనే మాట మీద ఇక్కడ పెద్ద రగడే జరిగింది. 2011లో సిటీగ్రూప్ 285 మిలియన్ డాలర్లు కట్టి ఎస్ఈసీతో రాజీ చేసుకుంటే, న్యూయార్క్ జడ్జి రేకాఫ్ ఆమోదించనన్నాడు. నిజం ఏంటో తేలకుండా నేను సంతకం ఎలా పెట్టను అని ఆయన వాదన. 2014లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. రాజీలో నిజం తేల్చడం జడ్జి పని కాదంది.

ఎఫ్‌అండ్‌ఓ_బాధితుడు
రేకాఫ్ గారికి నా తరఫున ఒక ప్లేటు ఇడ్లీ.

సికింద్రాబాద్_సీత
ఆ 643 కోట్లు నష్టపోయిన ట్రేడర్లకి వెళ్లాయా?

నల్లకోటు
లేదు, సెటిల్‌మెంట్ మొత్తం కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి వెళ్తుంది. అక్రమ లాభాలు కక్కించిన సొమ్ముదే వేరే దారి.

అమీర్‌పేట_ఆడిటర్
అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. డబ్బుకంటే ఏం మార్చారు అనేది చూడాలి. కాంపిటీషన్ కమిషన్ 2025 ఏప్రిల్లో గూగుల్‌తో చేసుకున్న సెటిల్‌మెంట్ చూడండి, ఆండ్రాయిడ్ టీవీల కేసు. 2023 చట్ట సవరణతో వచ్చిన దారిలో అదే మొదటిది. కట్టింది 20.24 కోట్లు, అదీ 15 శాతం తగ్గింపు తర్వాత. గూగుల్‌కి అది చిల్లర. కానీ టీవీ కంపెనీలు ప్లేస్టోర్‌ని విడిగా లైసెన్సు తీసుకునే వీలు ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకున్నారు. కేసు ఏళ్లకేళ్లు నడిస్తే ఆ టీవీలే మార్కెట్లో ఉండేవి కావు.

ఈటీపీ_షిఫ్ట్_బి
ఆడిటర్ గారి మాట పట్టుకుని నేను చూసింది చెప్తా. నేను ఒక బల్క్‌డ్రగ్ కంపెనీలో ఎఫ్లుయెంట్ ప్లాంటు (వ్యర్థ జలాలు శుద్ధి చేసేది) చూసేవాణ్ణి. పేరు వద్దు. 

కాలుష్య బోర్డు వాళ్లు తనిఖీకి వచ్చి లోపాలు రాసుకుంటారు. తర్వాత టాస్క్‌ఫోర్స్ హియరింగ్. కంపెనీ తరఫున మా మేనేజరు, కన్సల్టెంటు, వెనకాల ఫైళ్లు మోస్తూ నేను. అటువైపు ఇంజినీర్లు, ప్రొఫెసర్లు. మూసేయమని ఆర్డర్ ఇవ్వొచ్చు. చాలాసార్లు ఇవ్వరు. "స్ట్రిప్పర్ (వ్యర్థ జలంలోంచి సాల్వెంట్లు లాగేది) ఇన్ని రోజుల్లో పెట్టండి, ఎంఈఈ (ఆ జలాన్ని ఆవిరి చేసేది) సామర్థ్యం పెంచండి, ఫ్లోమీటర్లు ఆన్‌లైన్‌కి కలపండి, వాన నీటి కాలువకి గేటు కట్టండి" అని గడువులు వేసి, దానికి బ్యాంక్ గ్యారంటీ తీసుకుంటారు. గడువు తప్పితే గ్యారంటీ సొమ్ము బోర్డుకి.

ఇక్కడ నిజమైన బేరం నడుస్తుంది. డబ్బు మీద కాదు, రోజుల మీద. మా మేనేజరు 6 నెలలు అడుగుతాడు, వాళ్లు 2 అంటారు. ఎంఈఈ ఆర్డర్ పెడితే ఫ్యాబ్రికేటర్ దగ్గర నుంచి రావడానికే 4 నెలలు, పర్చేజ్ ఆర్డర్ కాపీ చూపిస్తే నమ్ముతారు. చూపించలేకపోతే ఎంత పెద్ద కన్సల్టెంటు ఉన్నా దండగ. మేం ఒకసారి నిజంగా పని చేశాం. స్ట్రిప్పర్ వచ్చాక సాల్వెంటు వాసన షెడ్డులోనే సగానికి సగం తగ్గింది, నాకు తలనొప్పి తగ్గింది. ఇంకోసారి ఏమీ చేయలేదు. గ్యారంటీ గడువు అయిపోవస్తే రెన్యూ చేశారు, మళ్లీ రెన్యూ చేశారు. మా అకౌంట్స్ కుర్రాడి క్యాలెండర్లో అది ఇన్సూరెన్సు ప్రీమియం పక్కన ఉండేది.

వాగు_ఒడ్డు
@ఈటీపీ_షిఫ్ట్_బి మీరు తెచ్చుకున్న ఆ గడువుల్లో మా ఊరి బోర్లలో నీళ్లు ఏ రంగులో వచ్చాయో హియరింగ్‌లో ఎవరైనా అడిగారా?

ఈటీపీ_షిఫ్ట్_బి
ఫిర్యాదు ఇచ్చినవాళ్లని ఒకసారి పిలిచారు. ఒక పెద్దాయన సీసాలో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చాలాసార్లు మాత్రం అటు బోర్డు, ఇటు కంపెనీయే.

వాగు_ఒడ్డు
అదే నా బాధ. కీసర గారి అన్నయ్య కేసులో నష్టపోయినోడు ఎవరూ లేడు, ఓ కాగితం తప్పు. ఆయన 86 వేలు కట్టి పోతే నాకు అభ్యంతరం లేదు. కంపెనీకీ ఆఫీసుకీ మధ్య ఒప్పందం అయ్యాక కాగితం మీద కేసు లేదు, వాన పడిన రాత్రి మాత్రం కిటికీ తెరవలేం. రోజుల మీద బేరం ఆడతారన్నారు కదా, ఆ రోజులు మావి.

గోదారి_గట్టు
👆 దీనికి జవాబు ఉన్నవాళ్లు రాయండి.

చట్టం_చుట్టం
పూర్తి జవాబు లేదు గానీ కొంచెం ఉంది. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఢిల్లీ కాలుష్య కమిటీ కేసులో చెప్పింది: నీటి చట్టం 33ఎ, గాలి చట్టం 31ఎ కింద బోర్డులు పర్యావరణాన్ని బాగుచేయడానికి నష్టపరిహారం వేయొచ్చు, జరగబోయే నష్టానికి ముందుగానే బ్యాంక్ గ్యారంటీ కూడా అడగొచ్చు అని. అది శిక్ష లాంటిది కాదు, బాగుచేసే ఖర్చు అని తేడా చూపించింది. అంటే ఆ సొమ్ము వాగు బాగుకే పెట్టమని అడగడానికి మీకు ఒక ఆధారం దొరికింది. టాస్క్‌ఫోర్స్ ఆర్డర్ కాపీ ఆర్టీఐ పెట్టి తెప్పించుకోండి. అందులో గడువులు తేదీలతో ఉంటాయి. తేదీ దాటిన మర్నాడు గ్యారంటీ జప్తు చేశారా అని ఒక ఉత్తరం రాయండి.

వాగు_ఒడ్డు
ఆర్టీఐ పెట్టా ఒకసారి. వేరే కంపెనీ కాపీ పంపారు. మళ్లీ పెడతా.

ఈటీపీ_షిఫ్ట్_బి
పెట్టేటప్పుడు ఫ్లోమీటర్ రీడింగులు, ట్యాంకర్ మ్యానిఫెస్టులు (ఏ ట్యాంకర్లో ఎంత పంపారో రాసే చీటీలు) కూడా అడగండి. ప్లాంటులోకి ఎంత వచ్చింది, ట్యాంకర్లో ఎంత పోయింది, ఆవిరి ఎంత అయింది. మూడూ కలవకపోతే మిగిలింది ఎక్కడికి పోయిందో మీకు తెలుసు.

కాకినాడ_కాజా
ఇవన్నీ వింటుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. జైలు భయం లేకపోతే ఎవడూ మారడు. 2023లో జన విశ్వాస్ చట్టం తెచ్చి 42 చట్టాల్లో 183 సెక్షన్లలో నేరం తీసేశారు. ఇక అంతా డబ్బు కట్టు, పో.

నల్లకోటు
ఆ జైలు సెక్షన్లు ఉన్నప్పుడు ఎంతమంది జైలుకెళ్లారో కోర్టు బయట నిలబడ్డ నాకు తెలుసు. కేసు పదేళ్లు, చివరికి 5 వేలు ఫైను, మధ్యలో ఇన్‌స్పెక్టరు చేతిలో "కేసు పెట్టమంటావా" అనే కర్ర. పద్మ గారిని అడగండి, కోర్టుకెళ్తే ఎన్ని వాయిదాలు ఆవకాయ సీజన్ వదులుకోవాలో.

పచ్చళ్ల_పద్మ
నిజమే. నేను కట్టింది బాధేసింది గానీ, కోర్టు అంటే షాపు మూయాల్సిందే. నాకు కావాల్సింది పట్టిక. గోడ మీద అంటించండి, ఏ తప్పుకి ఎంతో. అప్పుడు అవతలాయన మొహం చూసి భయపడక్కర్లేదు.

అమీర్‌పేట_ఆడిటర్
@పచ్చళ్ల_పద్మ ఈ మాటకి లైకు. బేరం లేకపోవడమే చిన్నవాడికి రక్షణ. బేరం ఆడే చోట లాయర్‌ని పెట్టుకోగలిగినవాడే గెలుస్తాడు.

ఎఫ్‌అండ్‌ఓ_బాధితుడు
ఒప్పుకుంటా. నా స్లాబు నాకు ముందే తెలుసు కాబట్టే ఆ రోజు నిద్రపోయా.

వాగు_ఒడ్డు
పట్టిక కూడా నాకు పనికిరాదు. పట్టికలో మా ఊరి వరుస లేదు.

కీసర_కుర్రోడు
మధ్యలో నా థ్రెడ్ ఎక్కడికో వెళ్లిపోయింది, అయినా మంచిదే. ఆడిటర్ గారికి నాలుగు ప్రశ్నలు. ఒకటి, అన్నయ్య హియరింగ్‌కి ఇండియా రావాలా? రెండు, పేరు బయటికి వస్తుందా? ఆయన అక్కడ బ్యాంకులో పని చేస్తాడు, కంప్లయన్స్ వాళ్లు గూగుల్ చేస్తారు. మూడు, అమ్మిన డబ్బుకి ఇక్కడ ట్యాక్స్? నాలుగు, హైదరాబాద్ ఆర్బీఐలోనే ఇస్తే చాలా?

అమీర్‌పేట_ఆడిటర్
హియరింగ్ ఐచ్ఛికం. వీడియోలో కూడా పెడతారు. వెళ్లినా వెళ్లకపోయినా మొత్తం మారదని ఆర్బీఐ వాళ్లే స్పష్టంగా రాశారు. నా సలహా అయితే మీ అన్నయ్యే వీడియోలో కూర్చుని రెండు ముక్కలు చెప్పడం. నాలాంటివాళ్లు వెళ్లి వాదిస్తే వాళ్లకి అనుమానం పెరుగుతుంది తప్ప తగ్గదు. అక్కడ "నాకు తెలియదు, బ్రోకర్ చెప్పాడు" అని అయిదు నిమిషాలు చెప్పక్కర్లేదు. కొన్న తేదీ, చెక్కు నంబరు, అమ్మిన తేదీ. అంతే.

పేరు వస్తుంది. 2020 మార్చి ముందు పూర్తి ఆర్డరే వెబ్‌సైట్లో పెట్టేవారు, ఇప్పుడు ఒక పట్టికలో పేరు, ఉల్లంఘన, తేదీ, మొత్తం మాత్రమే. దానికి సిద్ధపడాలి. ఆఫీసువాళ్లు చూసినా "స్వచ్ఛందంగా చెప్పి సరిదిద్దుకున్నాడు" అని కనిపిస్తుంది, అది ఈడీ షోకాజ్ కంటే చాలా నయం.

ట్యాక్స్ సంగతి: మునిసిపాలిటీ హద్దు నుంచి ఎంత దూరం, అక్కడి జనాభా ఎంత అన్నదాన్నిబట్టి అది గ్రామీణ వ్యవసాయ భూమి అయితే క్యాపిటల్ గెయిన్స్ రాదు. షాద్‌నగర్ పక్కనే అయితే కిలోమీటర్లు కొలిపించండి. ఇది విడిగా చూడాలి, ఊరికే అనుకోవద్దు.

ఇక స్థిరాస్తి ఫైళ్లు ఆర్బీఐ ఢిల్లీలోని ఫారిన్ ఎక్స్ఛేంజ్ సెల్ చూస్తుంది, సైఫాబాద్ ఆఫీసు కాదు. ఆర్బీఐ వాళ్ల ప్రవాహ్ పోర్టల్లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు. దరఖాస్తుతో పాటు ఈడీ, సీబీఐ లాంటి సంస్థల దర్యాప్తు ఏదీ లేదని డిక్లరేషన్ ఇవ్వాలి. అందుకే ఇప్పుడే, నోటీసు రాకముందే.

చట్టం_చుట్టం
ఇంకోటి కలుపుతా. 2025 ఏప్రిల్లో ఆర్బీఐ ఒక సవరణ చేసింది. ఈ వరుసలోని ఉల్లంఘనలకి, అధికారి తగునని భావిస్తే, ఒక్కో నిబంధనకి 2 లక్షలు మించకుండా వేయొచ్చు. మీ అన్నయ్య లెక్క ఎలాగూ దాని కిందే ఉంది గానీ, కోట్లలో కొన్నవాళ్లకి అది పెద్ద ఊరట.

కాకినాడ_కాజా
చూశారా, మళ్లీ కోట్లవాళ్లకే ఊరట!

నల్లకోటు
@కాకినాడ_కాజా ఈసారి మీతో ఏకీభవిస్తున్నా, తేదీ రాసి పెట్టుకోండి.

కీసర_కుర్రోడు
అప్‌డేట్. పక్క పొలం రైతు కొంటానన్నాడు, ఆయన గట్టు మనకే ఆనుకుని ఉంది. బయటి రేటు కంటే కొంచెం తక్కువ, కానీ తహసీల్దార్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసేశాం. మేనమామ ఇంకా అలిగే ఉన్నాడు. "నువ్వు రాసిచ్చే కాగితం నాకు చూపించి పంపు" అన్నాడు, అంటే సగం ఒప్పుకున్నట్టే. అన్నయ్య నిన్న మొదటిసారి ఫోన్లో పొలం గురించి కాకుండా పిల్ల హాస్టల్ గురించి మాట్లాడాడు.

అమీర్‌పేట_ఆడిటర్
డబ్బు నేరుగా అన్నయ్య ఎన్నార్వో ఖాతాలోకే (ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్నారై ఖాతా) పడాలి. మీ ఖాతాలో వేయించుకుని తర్వాత పంపుదామనుకోవద్దు, జీపీఏ ఉన్నా సరే.

కీసర_కుర్రోడు
ఆ రైతు నా ఖాతాలోనే వేయబోయాడు, "మీ ఖాతా నంబరు ఇవ్వు తమ్మీ" అని. ఆపేశా.

డల్లాస్_దొర
ఆడిటర్ గారూ, ఆ ముగ్గురు కొలీగ్స్ ఈ థ్రెడ్ చదివి నన్ను పట్టుకున్నారు. 5 గుంటలు కొన్నారు, అందులో ఒకాయన పేరు మీద రిజిస్ట్రేషనే కాలేదు, అగ్రిమెంట్ మాత్రమే, డబ్బు పూర్తిగా కట్టేశాడు. ఈయన లెక్క ఎలా?

అమీర్‌పేట_ఆడిటర్
అగ్రిమెంట్ కాపీ, డబ్బు వెళ్లిన ఖాతా స్టేట్‌మెంట్ చూడకుండా చెప్పను. కొత్త థ్రెడ్ పెట్టండి. వెంచర్ పేరు మాత్రం రాయకండి.